రెండో చుక్క

తెల్లవారేసరికి రామక్క ఇంట్లో రెండు పొయ్యిలు మండుతున్నాయి.

ఒకటి ఎప్పటి పొయ్యే. వంటగదిలో, మసిబారిన గోడ కింద, యశోద కాపురానికి వచ్చిన ఏడేళ్ల నుంచీ చూస్తున్నది. రెండోది నిన్న మధ్యాహ్నం దాకా లేదు. వరండా ఆ చివర, తాళం వేసిన గది ముందు, నడుము ఎత్తున ఇటుకల దిమ్మె, దిమ్మె మీద బండ, బండ మీద పొయ్యి. పచ్చిమన్ను పూర్తిగా ఆరనే లేదు, అప్పుడే చుట్టూ ముగ్గు కూడా పడింది.

ఆ పొయ్యి ముందు అత్తగారు మునివేళ్ల మీద నిలబడి జొన్నగటక కలుపుతోంది. మనిషి పొట్టి, పొయ్యి పొడుగు. గరిటె తిప్పినప్పుడల్లా మోచెయ్యి చెవి దాకా లేస్తోంది. హాయిగా కింద కూర్చుని వండే పొయ్యి వేసుకోవచ్చు కదా అని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నిన్న సాయంత్రం నుంచీ రామక్క కోడలితో మాట్లాడటం మానేసింది మరి.

నిన్న మధ్యాహ్నం పాత కట్టెల అడితి షెడ్డు దాకా వెళ్లి, యూనివర్సిటీ వాళ్లు గోడకు వేలాడదీసిన బస్తీ పటం చూసి వచ్చింది. వచ్చీ రాగానే చెంగు బిగించి, పెరట్లో ఇటుకలు మోసుకొచ్చి, మన్ను తొక్కడం మొదలుపెట్టింది. దీపాలు పెట్టే వేళకు పొయ్యి లేచి నిలబడింది. ఎందుకత్తా ఇదంతా అని యశోద అడిగితే ఒక్క చూపు చూసింది.

అసలు యశోదకు ఎందుకో తెలుసు. తెలిసే అడిగింది.

పటం మీద ఇంటింటికీ ఒక గడి ఉంది. పొయ్యికి ఒకటి చొప్పున ఎర్రచుక్కలు పెట్టారు. చదువు రానివాళ్లకు కూడా అర్థమవ్వాలని యూనివర్సిటీ పిల్లలు అలా గీశారు. రామక్కకు అక్షరం ముక్క రాదు గాని చుక్కలు లెక్కపెట్టడం వచ్చు. తన ఇంటి గడిలో రెండు చుక్కలున్నాయి. ఆ రెండోది పెట్టిన చెయ్యి యశోదది.

అడితి బస్తీ ఒకప్పుడు కొత్తగూడెంలో నిద్రపోని పేట. ములకలపల్లి వైపు నుంచి కట్టె లారీలు దిగేవి, కోత మిషన్లు మోగేవి, ప్రతి వాకిట్లో మంచమో తలుపో తయారవుతూ ఉండేది. అడవి కట్టె రావడం ఆగాక మిషన్లు మూగబోయాయి. వడ్రంగులు ఒక్కొక్కరే ఇళ్లకు తాళాలు వేసి విజయవాడ అనీ హైదరాబాదు అనీ వెళ్లిపోయారు. నాలుగు నెలల కిందట యూనివర్సిటీ వాళ్లు వచ్చి ఈ బస్తీతో ఒప్పందం చేసుకుంటామన్నప్పుడు ముందు ఎవరూ నమ్మలేదు. పాడుబడ్డ అడితి షెడ్డును పనిబడి చేస్తారట. పిల్లలు కొత్త నమూనాలు గీయడం, సరుకు అమ్మడం నేర్పుతారు. బస్తీవాళ్లు ఆ పిల్లలకు ఉలి పట్టడం నేర్పుతారు. నడిపే కమిటీలో సగం మంది వాళ్లు, సగం మంది వీళ్లు.

దానికి ఒకటే షరతు. బస్తీలో కనీసం నూరు సంసారాలు, అంటే నూరు పొయ్యిలు, ఉండాలి.

ఇంటర్ చదివిన యశోదను సర్వేకు పెట్టుకున్నారు. ఆమె రాతపలకకు కాగితాలు పెట్టుకుని గడప గడపకూ తిరిగింది. సర్వే అనగానే బస్తీకి గుర్తొచ్చేది రేషన్ కార్డే. ఎవరొచ్చి అడిగినా తల్లి వేరు, కొడుకు వేరు అని చెప్పడం అందరికీ అలవాటు. ఈసారీ అదే పాట పాడారు. అబద్ధమని తెలిసి కూడా యశోద రాసుకుంది. ఉన్నదున్నట్టు రాస్తే అరవై నాలుగు దగ్గర ఆగిపోతోంది. చివరికి తన ఇంటి కాగితం మీద కూడా, అత్తకు వంట వేరు అని రాసి పారేసింది. అలా లెక్క నూట మూడుకు చేరింది.

ఇవాళ పది గంటలకు యూనివర్సిటీ మేడం వచ్చి కొన్ని ఇళ్లు స్వయంగా చూసి పోతుంది. మొదటి ఇల్లు ఇదే.

యశోదను ఎక్కువ బాధపెట్టింది పొద్దున జరిగిన సంగతి. ఆమె పాలు కాస్తుండగా రామక్క ఒక కుండపెంకు పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. మాటా పలుకూ లేకుండా పొయ్యిలోంచి నాలుగు నిప్పుకణికలు పెంకులోకి లాక్కుని, వాటిని కొంగు చాటున పెట్టుకుని, కొత్త పొయ్యి దగ్గరకు నడిచింది.

అది రామక్క పుట్టింటి ఆనవాయితీ. ములకలపల్లి అవతలి అడవిలో వాళ్ల గూడెంలో, వేరుపడిన వాళ్ల పొయ్యికి నిప్పు పెద్దపొయ్యి నుంచే పోవాలి. అప్పుడు వంట వేరైనా ఇల్లు ఒకటే అన్నట్టు. ఐదేళ్ల కిందట పెద్దకొడుకు గణేష్ పెళ్లాం పుష్పలతతో వేరుపడ్డ రోజు రామక్క ఇలాగే పెంకులో నిప్పు పట్టుకుని వాళ్ల గది ముందు నిలబడింది. గణేష్ ఆమెను చూసి కూడా అగ్గిపుల్ల గీశాడు. నెల తిరగకుండా గదికి తాళం వేసి విజయవాడ వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆ తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు.

అలాంటి మనిషి ఇవాళ పద్ధతి ప్రకారం నిప్పు తీసుకుపోయిందంటే, ఇది కోపంలో చేసిన పని కాదు, నిజంగానే వేరుపడుతోంది. అలా అనుకునేసరికి యశోదకు ఏడుపొచ్చింది.

ఆమె మొగుడు రవీందర్‌కు మాత్రం ఆకలేసింది.

అతను వరండా మధ్యలో పీట వేసుకుని కూర్చున్నాడు. ఎడమ పక్క నుంచి తల్లి గటక పెట్టింది. కుడి పక్క నుంచి పెళ్లాం ఉప్మా పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒక ముద్ద ఇటు, ఒక ముద్ద అటు తిని, రెండూ బాగున్నాయన్నాడు. ఏది ఎక్కువ బాగుందో చెప్పేంత అమాయకుడు కాదు.

“ఉప్పు తక్కువైతే చెప్పుమను, ఆ పొయ్యి కాడ ఉన్నది,” అంది రామక్క, వాకిట్లో తిరుగుతున్న కోడిపెట్టతో.

“ఉప్పు సరిపోయిందని చెప్పు,” అంది యశోద, అదే కోడితో.

కోడి రెండు వైపులా చూసి బయటికి పోయింది. రవీందర్ నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగాడు.

తల్లి స్నానానికి వెళ్లగానే అతను పెళ్లాన్ని పక్కకు పిలిచాడు. ఇంతకన్నా మంచి సంగతి ఇంకోటి ఉంటుందా అన్నాడు. కాగితం మీద రెండు పొయ్యిలు రాసి ఉన్నాయి, ఇంట్లో రెండు పొయ్యిలు మండుతున్నాయి, మేడం వచ్చి టిక్కు పెట్టుకుని పోతుంది. ఇంక ఏడుపెందుకు?

“మీ అమ్మ వేరుపడుతుంటే నీకు సంబురమా?”

“సాయంత్రం దాకనే గదనే. సంతకాలు కాంగనే నేనే కాళ్లు మొక్కి కలుపుత. లేదంటే సోమవారం బండి ఎక్కుడే. మళ్ల నన్ను అనొద్దు.”

తలుపు వెనక అతని పనిసామాను సంచి కట్టి ఉంది. ఉలులు, బాడిశ, చిన్న రంపం. విజయవాడలో ఒక పెద్ద ఫర్నిచర్ షెడ్డులో పని దొరికింది, ఒప్పందం కాకపోతే అక్కడికే పోదామని పది రోజులుగా అంటున్నాడు. ఇల్లు వదలనని అత్త పట్టుపడుతుందని తెలిసి ఆమెకింకా చెప్పలేదు. ఆ సంచి చూసినప్పుడల్లా యశోదకు తమ తలుపుకు వేలాడే తాళం కనిపించేది. బస్తీలో ఇప్పటికే, గణేష్ గదితో కలిపి, నలభై ఒక్క తాళాలున్నాయి.

అయినా ఊరుకోలేక, రామక్క తల తుడుచుకుంటూ రాగానే ఎదురు వెళ్లింది.

“అత్తా, తిట్టన్న తిట్టు. గిట్ల మాట్లాడకుంటే ఎట్ల?”

రామక్క జుట్టు విదిలించింది. “నేనెందుకు తిట్టాలె? నాకు చెప్పకుంట రాసుకున్నది మీరు. గోడకు గొట్టినంక, ఊరంత సూసినంక, పక్కింటి సక్రి వచ్చి చెప్తే నేను పోయి సూడాల్నా?”

“తప్పైంది.”

“తప్పే. గసుంటి మాట ముందుగాల ఇంట్ల చెప్పాలె. తల్లినే గద నేను.”

అత్తగారు తనకు తల్లినని చెప్పుకుంటోందని యశోదకు అనిపించింది. నెత్తిన రోకలితో మోదినా అంత నొప్పి ఉండేది కాదు. ఇంకేమైనా అనేలోపే రామక్క పొయ్యి దగ్గరకు వెళ్లి, మళ్లీ మునివేళ్ల మీద లేచి, చిక్కుడుకాయ కూరకు గిన్నె ఎక్కించింది.

పది కాకముందే సీతారావమ్మ మేడం వచ్చింది. ఎర్రుపాలెం దగ్గర రైతుల ఇంటి ఆడపడుచు. యూనివర్సిటీలో ప్రొఫెసరు అయినా, ఎవరింటికి వెళ్లినా ముందు గిన్నె మూత తీసి చూస్తుంది. వెనకాల రిజిస్టరు మోస్తూ ఆమె విద్యార్థి అనిల్‌కుమార్. పిట్టగోడ అవతల పక్కింటి సక్రి అప్పటికే గిన్నెలు ముందేసుకుని, తోమకుండా కూర్చుంది. దూలయ్య మేస్త్రి బీడీ ఆర్పేసి గేటు దగ్గర నిలబడ్డాడు. మొదటి ఇల్లు గట్టెక్కితే తమవీ గట్టెక్కుతాయని వాళ్ల ఆశ.

మేడం వంటగదిలో పొయ్యి చూసింది, ఉప్మా మూత తీసి చూసింది. వరండాలోకి వచ్చి కొత్త పొయ్యి చూసింది. దాని ఎత్తు చూసి, రామక్క ఎత్తు చూసి, కళ్లజోడు సర్దుకుంది.

“ఇదెవరి పొయ్యమ్మా?”

యశోద కళ్లు మూసుకుంది. నాదే, నేను వేరు అని అత్త అనబోయే మాట కోసం సిద్ధపడింది.

నిన్నటి నుంచి నవ్వని రామక్క మొహం విచ్చుకుంది. “మా పెద్దోనిది బిడ్డా. గణేష్‌ది. ఒస్తున్నడట గద, మీరే రాసిండ్రు.”

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రామక్కే విడమరిచి చెప్పుకొచ్చింది. నిన్న పటం దగ్గర ఈ రెండో చుక్క ఏమిటని అనిల్‌కుమార్‌నే అడిగిందట. ఆ ఇంట్లో రెండో సంసారం అమ్మా అన్నాడట. తనకు ఇంకో సంసారం ఎవరుంటారు, గణేష్ కాక? కొడుకు వస్తున్నాడని యూనివర్సిటీకి తెలిసింది, గోడకు తెలిసింది, సక్రికి తెలిసింది. తనకు మాత్రం ఇంట్లోవాళ్లు చెప్పలేదు. అందుకే కోపం వచ్చింది. కోపం కోపమే, వచ్చేవాడికి పొయ్యి లేకపోతే ఎట్లా?

“పోయినప్పుడు ఆ పిల్లతోని లొల్లి పొయ్యి మీదనే అయింది,” అంది రామక్క, కోడలి వైపు చూడకుండా. “పుష్పలతకు మోకాళ్ల నొప్పులు. కింద కూసోని వండలేను, నిలబడి వండే పొయ్యి గావాలె అన్నది. మా ఇంటావంటా లేదన్న. ఇగో, ఏసిన. సరిపోతదో లేదోనని పొద్దటి సంది నేనే నిలబడి సూస్తున్న.”

యశోద ఆ పొయ్యిని అప్పుడు సరిగ్గా చూసింది. అది కట్టింది గణేష్ గది ముందు. ఎత్తు పుష్పలతక్క నడుముకు సరిపోతుంది. నిప్పు పెద్దపొయ్యిది. అందులో యశోద మీద కోపం ఇటుకంత కూడా లేదు. యశోద చేత్తో పెట్టిన దొంగచుక్క చూసి ఈ ముసలిది కొడుకు వస్తాడని రాత్రంతా ఎదురుచూసింది. యశోదకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

రవీందర్ మాత్రం తడుముకోలేదు. “అవ్ మేడం. అన్న వస్తుండు,” అన్నాడు.

అనిల్‌కుమార్ రిజిస్టరు తెరిచి అందించాడు. మేడం కలం మూత తీసింది.

నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. టిక్కు పడుతుంది, నూట మూడు నిలుస్తుంది, షెడ్డు వస్తుంది, రవీందర్ సంచి విప్పుతాడు. అత్త కూడా సంతోషంగానే ఉంటుంది, ఇంకో రెండు రోజులు. ఆ తర్వాత రోజూ మునివేళ్ల మీద నిలబడి వీధి వైపు చూస్తుంది. ఆ చూపు యశోద కళ్ల ముందు ఇప్పుడే కదిలింది.

“ఆగండి మేడం,” అంది. “ఆ చుక్క గణేష్ బావది గాదు. అత్త వేరే వండుకుంటదని నేనే రాసిన. అబద్ధం. ఆమె నా చేతి కూడు తింటది, నేను ఆమె చేతిది తింట. నూరు కావాలన్నరని రాసిన.”

రవీందర్ తల పట్టుకున్నాడు. దూలయ్య గేటు దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

రామక్క మూత తీసి కూర కలిపింది. మళ్లీ మూత పెట్టింది. “అయితే వాడు వస్తలేడా?”

“నాకు తెల్వదు అత్తా.”

పొయ్యి అంచున పచ్చిమన్ను చిన్నగా నెర్రె ఇచ్చింది. రామక్క తడి వేలితో దాన్ని అద్దుతూ నిలబడింది. తిట్టి ఉంటే యశోద ఓర్చుకునేది. ఆ వేలు అలా నెర్రెను అద్దుతుంటే చూడలేక వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. రామక్క చెయ్యి విడిపించుకోలేదు.

పిట్టగోడ అవతల నుంచి సక్రి మాట అందుకుంది. యశోద ఒక్కదాన్నే అనవద్దు మేడం అంది. తమ ఇంటి గడిలో మూడు చుక్కలున్నాయని, ఒకటి తనది, ఒకటి పెళ్లై సూర్యాపేటలో కాపురం చేసుకుంటున్న కూతురిదని చెప్పి ఆగిపోయింది. మూడోది ఎవరిదని మేడం అడిగింది. మేకలకు కుడితి కాచే పొయ్యిది అంది సక్రి, తల వంచుకుని. గేటు దగ్గర దూలయ్య కూడా నోరు విప్పాడు. కిందటేడు పోయిన తన తండ్రికి ఇంకా ఒక పొయ్యి మండుతోందట.

అనిల్‌కుమార్ రిజిస్టరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. మేడం నవ్వలేదు గాని కలం మూత పెట్టేసింది.

“నేను పొద్దున్నే ఆరింటికి వచ్చాను,” అంది. “అడితి వెనక మిట్ట మీద నిలబడి పొగలు లెక్కపెట్టాను. చుక్కలు నూట మూడు, పొగలు అరవై అయిదు. మీలో ఒక్కరైనా మీ అంతట మీరు చెబుతారా లేదా అని చూస్తున్నాను. అబద్ధం మీద ఒప్పందం పెట్టుకుంటే నాలుగు రోజులు నిలవదమ్మాయ్.”

ఆ అరవై అయిదోది ఈ కొత్త పొయ్యి పొగే. అది తీసేస్తే మళ్లీ అరవై నాలుగే. నిజం చెప్పినందుకు తనకు సంతోషమేనని, కానీ నూరు అనేది తను పెట్టిన నిబంధన కాదని, పైవాళ్లు ఒప్పుకోరని మేడం చెప్పింది. ఆమె మొహంలో కూడా దిగులుంది. రవీందర్ తలుపు వెనక సంచి వైపు చూశాడు. యశోద అటు చూడలేదు.

“తెల్లగ వదిలేసిండ్రు గద పటం మీద, అవేంది?” అంది రామక్క.

అనిల్‌కుమార్ చెప్పాడు, అవి ఖాళీ ఇళ్లమ్మా, చుక్క పెట్టడానికి లేదు అని.

“ఎవలు చెప్పిండ్రు ఖాళీ అని?”

ఆమె లోపలికి వెళ్లి అటక మీద నుంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా దింపుకొచ్చింది. మేడం ముందు వరండాలో కుమ్మరించింది. అన్నీ తాళంచెవులే. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం, దారానికి ముడులు. ఆమె మొగుడు బొజ్జయ్య అడితి వాచ్‌మన్. ఊరు వదిలి పోయేవాళ్లు ఇల్లు చూస్తుండమని తాళంచెవి ఆయన చేతిలో పెట్టి పోయేవాళ్లు. ఆయన పోయాక అది రామక్క పనైంది. నెలకోసారి తలుపులు తీసి ఊడుస్తుంది, వానలకు కారే చోట గిన్నె పెడుతుంది, పండుగకు గడపకు పసుపు రాస్తుంది. ఏడేళ్లుగా చూస్తున్న యశోదకు ఆ పని చీపురు పట్టడంలా రోజువారీదైపోయి, పటం గీసేటప్పుడు గుర్తుకే రాలేదు.

“ఇది తుల్సీరాంది, రెండు ముడులు, ఇద్దరు బిడ్డలు. ఇది బిచ్యాది. తాళం తీస్కపోయినోడు తిరిగి రాడు. ఇచ్చిపోయినోడు వస్తనని ఇచ్చిపోయిండు. పని లేక పోయిండ్రు, పని ఉంటే రారా?”

మేడం కింద కూర్చుంది. ఒక్కొక్క చెవీ చేతిలోకి తీసుకుని చూసింది. యూనివర్సిటీలో ఇరవై ఏళ్లుగా బస్తీల మీద పాఠాలు చెబుతున్నాను గాని ఇలాంటి రికార్డు చూడలేదు అంది. డబ్బాలో నలభై చెవులున్నాయి. అరవై నాలుగుతో కలిపితే నూట నాలుగు. పనిబడి వస్తే తిరిగి వస్తామని వాళ్లు ఫోనులో యశోదకు మాట ఇచ్చి, ఆదివారం లోపల వచ్చి సంతకమో వేలిముద్రో పెడితే, పైవాళ్లతో తాను పోట్లాడతానంది మేడం. అందరూ వస్తారన్న నమ్మకం లేదు. అయినా రవీందర్ అప్పటికే, గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డ సక్రి మొగుడి చొక్కా జేబులోంచి వలస పోయినవాళ్ల ఫోను నంబర్ల చిన్న పుస్తకం లాగేశాడు.

“అమ్మా, తాళాలు నలభై ఒకటి గద, నలభయ్యే ఉన్నయి,” అన్నాడు లెక్క చూసి.

రామక్క నడుముకు కట్టుకున్న తాళంచెవిని కొంగు మీదుగా తడిమింది. అది డబ్బాలోకి ఎన్నడూ వెళ్లలేదు. లెక్కకు దాని అవసరం కూడా లేదు.

“ముందుగాల దీనికి కొట్టుండ్రి,” అంది.

వీధి చివర మంగీలాల్ టీ కొట్టు దగ్గర రూపాయి డబ్బా ఫోను ఉంది. అక్కడికి చేరేసరికి వెనకాల సగం బస్తీ ఉంది. గణేష్ నంబరు ఎవరి దగ్గరుంటుందా అని యశోద పుస్తకం తిరగేస్తుంటే, రవీందర్ రూపాయి వేసి గబగబా నొక్కేశాడు. పుస్తకం చూడలేదు.

“సూడకుంట ఎట్ల కొడుతున్నవురా?” అంది తల్లి.

అతను జవాబు చెప్పే లోపలే అవతల ఎత్తారు. ఫోను పాతది, మాట అందరికీ వినిపిస్తుంది.

“ఏందిరా తమ్మీ, సోమవారం వస్తున్నవు గదా? షెడ్డు సేటుకు చెప్పిపెట్టిన.”

యశోద మొగుడి వైపు చూసింది. రామక్క కొడుకు వైపు చూసింది. రవీందర్ మంగీలాల్ టీ గ్లాసుల వైపు చూశాడు. విజయవాడలో పని చూసిపెట్టింది ఎవరో యశోదకు, అసలు అక్కడికి పోబోతున్నాడని రామక్కకు ఇప్పుడే తెలిసింది. ఇద్దరు కొడుకులు ఐదేళ్లుగా తన చాటున మాట్లాడుకుంటున్నారని తెలిసి రామక్కకు కోపం రావాలి. వచ్చినట్టే వచ్చి, ఎందుకో పెదవి చివర నవ్వుగా మారింది. ఆమె రవీందర్ చేతిలోంచి ఫోను లాక్కుంది. రెండు చేతులతో పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, గట్టిగా మాట్లాడింది.

“తమ్మి గాదు, అమ్మను.”

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

“నీ గది ముంగట నిలబడి వండే పొయ్యి ఏసిన. నిప్పు నా పొయ్యిలది. ఆ యూనివర్సిటోళ్లు మనింటి గడిల నీ పేరు మీద ఒక చుక్క పెట్టిండ్రు. ఉత్తగ పెట్టిండ్రట, సాయంత్రం తుడుస్తరట.” ఆమె ఊపిరి తీసుకుంది. “తుడవమనాల్నా, ఉంచుమనాల్నా? నువ్వే చెప్పు బిడ్డా.”

ఫోను టిక్కుటిక్కుమని ఇంకో రూపాయి అడిగింది. రవీందర్ జేబులు తడుముకున్నాడు. మంగీలాల్ గల్లాపెట్టె లాగేలోపు యశోద తన కొంగుముడి విప్పి రూపాయి డబ్బాలో వేసింది.

అవతల గణేష్ ఎవరినో పిలుస్తున్నాడు. గిన్నె కింద పెట్టిన చప్పుడు, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేస్తున్న ఆడమనిషి మూలుగు, దగ్గరికొస్తున్న అడుగులు.

“అత్తా,” అంది పుష్పలత గొంతు. “ఎంత ఎత్తు ఏసినవ్?”